మోరీకీ ఒక చరిత్ర ఉంది



పొద్దున్నే గిన్నెలు తోముతుంటే సింకులో నీళ్లు కదలకుండా నిలిచిపోయాయనుకోండి. "ఏమండీ" అని ఒక కేక వేస్తాం. ఆయన పేపర్లోంచి తల ఎత్తరు. అంచేత ఆ మోరీ సంగతి మనమే కాస్త తెలుసుకుందాం. చరిత్రతో మొదలుపెడుతున్నాను, విసుక్కోకండేం!

పాతబస్తీలో శాలిబండ దగ్గర మా మేనత్తగారిల్లు ఉండేది. పెరటి గోడకు, వెనక సందులోకి తెరుచుకునే చిన్న తలుపు. పాయిఖానా ఎత్తే ఆమె అందులోంచే వచ్చి, తట్ట నెత్తిన పెట్టుకుని అటే వెళ్లిపోయేది. ఆమె పేరేమిటని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. మన ఇళ్ల శుభ్రత అన్నేళ్లు ఆమె నెత్తిమీదే నడిచింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరదను ఆపడానికి ఎగువన జలాశయాలు, ఊరి మురుగు పోవడానికి డ్రైనేజీ, రెండూ ఆయన ఆలోచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి గురించి బళ్లో చదువుకున్నాం. మురుగు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు! ఆ పని కోసం 1922లో ఆయన్ని మళ్లీ రప్పించుకోవలసి వచ్చింది. నేల కింద గొట్టాలు పడ్డా, ప్రతి ఇంటికీ కనెక్షను రావడానికి ఏళ్లు పట్టింది. ఎండు పాయిఖానాలను నిషేధించే చట్టం వచ్చింది 1993లో. అత్తయ్య ఇంట్లో ఫ్లష్ పెట్టించాక ఆ తలుపును ఇటుకలతో మూసేశారు.

ఇక మన సింకు దగ్గరికి వద్దాం. దాని కింద గొట్టం వంకర తిరిగి ఉంటుంది చూడండి. 1775లో లండనులో కమ్మింగ్ అనే గడియారాలు చేసే ఆయన పాయిఖానా కోసం ఆలోచించిన వంపు అది. అందులో నిలిచిన నీళ్లే కంపును లోపలికి రానివ్వవు. వేసవి సెలవులకు తాళం వేసి వెళ్తే ఆ నీళ్లు ఎండిపోతాయి. వచ్చేసరికి ఇల్లంతా వాసన! బకెట్ నీళ్లు పొయ్యండి, సగం జబ్బు నయం.

ఒక్క సింకే నిలిస్తే అడ్డం దాని వంపులోనే, చాలాసార్లు పేరుకున్న నూనె, డాల్డా. కింద బకెట్ పెట్టి వంపు విప్పి కడగండి. ఫ్లష్ లాగితే స్నానాలగది మోరీ గుడగుడమంటే గొట్టంలో గాలి ఆడడం లేదన్నమాట. అడ్డం ఇంకాస్త ముందుంది. అన్నీ ఒక్కసారే నిలిస్తే బయటి చాంబరు మూత తీయించి చూడండి. ఖాళీగా ఉంటే అడ్డం ఇంట్లో, నిండి ఉంటే వీధి లైనులో. డాబా మీది వాననీళ్ల గొట్టాన్ని మోరీలో కలపకండి. పెద్దవాన పడితే వీధి లైను నిండి మురుగు మన ఇంట్లోకే ఎదురు తంతుంది. ఆసిడ్, బ్లీచింగు పౌడరు కలిపి పొయ్యడం అసలే వద్దు, విషవాయువు పుడుతుంది.

వీధి లైను నిండితే జలమండలికి ఫిర్యాదు చెయ్యండి. త్వరగా అయిపోతుందని నాలుగు డబ్బులిచ్చి ఎవర్నో మ్యాన్‌హోల్‌లోకి దింపకండి. ఆ గాలికి క్షణాల్లో ప్రాణాలు పోతాయి. అలా రక్షణ లేకుండా దింపడాన్ని 2013 చట్టం నేరమంది.