చేనేత వృత్తికి చేరువ సంత చేసిన మేలు

కులచరిత్రను ప్రస్తావించునపుడు మార్కండేయ మహర్షిని, భావనాఋషిని స్మరించి, పిదప పూర్వుల నేర్పును కొనియాడుట మన సభలలో పరిపాటి. ఆ స్మరణ యుచితమే. కాని నేర్పుగల చేతులు పస్తుండిన కాలములును మన చరిత్రలో గలవు. నేర్పు చెడకుండగనే కూడేల చెడెను? మరల నెవరివలన మగ్గము నిలిచెను? ఈ విచారణ మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణులకును, సంఘపోషకులకును ప్రయోజనకరమని మేము తలంచుచున్నాము.

1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషు తూర్పు ఇండియా కంపెనీవారును మచిలీపట్టణమున వర్తకమునకు దిగిరి. కోరమండల తీరపు వస్త్రములు పారశీకమునకును, తూర్పు దీవులకును, ఐరోపాకును పోయెను. దీవులలో సుగంధద్రవ్యములు కొనుటకు మన బట్టయే మారకమయ్యెను. దళారులు నేతగాండ్రకు బయానాలిచ్చి బట్ట నేయించిరి. వెండి వచ్చెను, దానివెంట పరాధీనతయు వచ్చెను. ధరను, నాణ్యమును నిర్ణయించువాడు సముద్రమున కావలనుండెను. అచటి యున్ని, పట్టు నేతగాండ్రు మొఱపెట్టుకొనగా ఇంగ్లీషు పార్లమెంటు 1700లో అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించి, 1721లో వాని వాడకమును సైతము చాలవరకు మాన్పించెను. తరువాతను ఎగుమతి కొంతకాలము సాగెను గాని, పందొమ్మిదవ శతాబ్దమున మరనూలును, మిల్లుబట్టయు మన సంతలకే దిగగా ఆ దూరపు బేరము నశించెను.

అప్పుడు మగ్గమును నిలిపినది చేరువ సంత. రైతునకు గట్టి పంచె కావలెను. ఆడువారికి తమ సీమలో వాడుకయైన అంచుగల చీర కావలెను. పెండ్లికి మధుపర్కములు కావలెను. ఇట్టి బట్టలకు గిరాకి తప్పలేదు. 1905లో స్వదేశీ యుద్యమమును, 1921 ప్రాంతమున ఖద్దరు ప్రచారమును ఆ గిరాకికి దేశాభిమానపు బలమును చేర్చెను. వాలుగ చేప దవడతో ప్రత్తిని దువ్వి సన్ననూలు వడకు పొందూరు స్త్రీల పనితనము నాడు దేశమంతట వాసికెక్కెను.

చేరువ కొనుగోలు ఎట్లు మేలు చేయునో విమర్శింతము. చీర వెల యొక్క నేతగానికే చేరదు. నూలు తోడినవారికి, రంగు వేసినవారికి, పడుగు చేసి గంజి పెట్టినవారికి, కండెలు చుట్టిన ముదుసలికి, పన్నె కట్టినవానికి, మగ్గము చేసిన వడ్రంగికి అందులో పాలు గలదు. వారందఱు ఆ కూలితో ఆ యూరి యంగడిలోనే ఉప్పు, పప్పు, నూనె కొందురు. ఒక్క రూపాయి పది చేతులు మారి పది పొయ్యిలు వెలిగించును. ఆ చీరనే దూరపు మరనుండి తెచ్చుకొన్నచో రూపాయిలో అధికభాగము ఊరు దాటిపోవును.

అయినను కొనువాడు చేరువనున్నంతనే చాలదు. నూలు షావుకారు చేతిలో నున్నంతకాలము లాభము వాని పెట్టెలోనికే పోవును. ఇంగ్లండున రాచ్‌డేలు పట్టణమున 1844లో నేతగాండ్రు మున్నగు 28 మంది కూడి తమ సహకారపు అంగడిని తెఱచిరి. మన దేశమున 1904, 1912 సంవత్సరముల సహకార చట్టములు త్రోవ చూపగా, 1935లో మద్రాసు రాష్ట్ర చేనేత సహకార సంఘమును, 1976లో ఆప్కోయును వెలసెను. ప్రగడ కోటయ్యగారు తమ జీవితమును చేనేతవారి సేవకే ధారపోసిరి.

2019-20 జాతీయ గణన ప్రకారము దేశమున చేనేతపనివారు 35 లక్షలు. వారిలో 25 లక్షలకు మించి స్త్రీలే. కొన్ని రకములను చేమగ్గమునకే ప్రత్యేకించుచు 1985లో చట్టము చేయబడినను, పోచంపల్లి చిత్రణమును మరపై అచ్చొత్తి చవుకగా నమ్మువారు నేటికిని గలరు. సిరిసిల్ల మరమగ్గములకు 2017 మొదలు బతుకమ్మ చీరల పని ప్రభుత్వమువలన లభించెను. ఆ పని యాగినపుడు మగ్గములును ఆగెను. కొనువాడు కంపెనీయైనను, ప్రభుత్వమైనను, ఒక్కనినే నమ్ముకొన్న వృత్తికి అపాయము తప్పదని దీనివలన తేటపడుచున్నది. వేయిమంది చిన్న కొనుగోలుదారులలో పదుగురు తొలగినను మగ్గమాగదు.

కావున పోషకులకు మా మనవి యిది. ఇంటి శుభకార్యములకు వస్త్రములను నేతగానివద్దనో, సహకార సంఘమునందో కొనుడు. రొక్కమిచ్చి కొనుడు, మీరరువు పెట్టిన ప్రతి నెలకును నేతగాడు నూలుపై వడ్డీ కట్టుచున్నాడు. “మనవాడే గదా” యని ధర తగ్గింపుమనుట పోషణ గాదు. వాని కూలిలో కోత పెట్టుటయే. మఱియు ఈ ధర్మము మన కులముతో ముగియరాదు. కుమ్మరి కుండను, గానుగ నూనెను, మేదరి బుట్టను మనము కొననిచో మన చీరను వారెట్లు కొందురు? ఇచ్చిపుచ్చుకొనుటవలననే సంత నిలుచును.

నేత నేర్చిన యువకుడు బ్రదుకుతెరువునకై మగ్గము దిగి పరస్థలములకు పోవుచుండగా సన్మానపత్రములు వాని నాపజాలవు. సకాలమున చేతికందిన న్యాయమైన వెల యాపగలదు. మహాసభవారు ఈ విషయమును తీర్మానముగా గైకొని, గ్రామగ్రామమున ఆచరణకు దెత్తురుగాక యని మార్కండేయ మహర్షిని ప్రార్థించుచు విరమించుచున్నాము.