సున్నాకు రెండు అర్థాలు

యంత్రం వేగాన్ని కొలిచి, ఆ సమాచారాన్ని తిరిగి దాని నియంత్రణ వ్యవస్థకే అందించడాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. వేగం తగ్గితే శక్తిని పెంచాలి, హెచ్చితే తగ్గించాలి. మరి ఆ సమాచారం అందడమే ఆగిపోతే ఏమవుతుంది? ఆవిరి యంత్రాల కాలం నుంచి నేటి మోటార్ల దాకా ఇంజనీర్లు ఈ ప్రశ్నను ఎదుర్కొంటూనే ఉన్నారు.

పిండిమరల్లో అప్పటికే వాడుకలో ఉన్న గవర్నరును 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి అమర్చాడు. ఇందులో రెండు బరువైన గుండ్లు ఒక ఇరుసు చుట్టూ తిరుగుతాయి. వేగం పెరిగితే గుండ్లు విచ్చుకుని పైకి లేస్తాయి. వాటికి కలిపిన మీటలు ఆవిరి కవాటాన్ని కొంతవరకు మూస్తాయి. వేగం తగ్గితే గుండ్లు దిగి, కవాటం మళ్లీ తెరుచుకుంటుంది.

చాలా యంత్రాల్లో గవర్నరును తిప్పేది ఒక బెల్టు. అది తెగితే గుండ్లు అడుగుకు దిగిపోతాయి. యంత్రం వేగంగానే తిరుగుతున్నా, గవర్నరు దృష్టిలో అది ఆగిపోయినట్లే! కవాటం పూర్తిగా తెరుచుకుంటుంది. వేగం రెట్టింపయితే ఫ్లైవీల్‌ను చీల్చే బలం నాలుగు రెట్లవుతుంది. అది బద్దలైతే టన్నుల కొద్దీ ఇనుము ముక్కలై గోడలను, మనుషులను ఢీకొంటుంది.

1849లో జార్జ్ కార్లిస్ పేటెంటు పొందిన రకం యంత్రాల్లో తరువాత దీనికొక ఉపాయం చేశారు. గవర్నరు మరీ కిందికి పడిపోతే ఆవిరి కవాటాలు అసలు తెరుచుకోకుండా భద్రతా కామ్‌లు అమర్చారు. అయితే యంత్రాన్ని మొదలుపెట్టేటప్పుడు కూడా గవర్నరు కిందనే ఉంటుంది కదా! అందుకని అప్పుడు దానికి ఒక పిన్ను ఊతంగా పెట్టేవారు. వేగం అందుకున్నాక ఆపరేటరు ఆ పిన్ను తీయాలి. మరిచిపోతే ఇక రక్షణ లేనట్లే.

విద్యుత్తు వచ్చినా చిక్కు తీరలేదు. 1891లో వార్డ్ లియొనార్డ్ డి.సి. మోటారు వేగాన్ని వోల్టేజి ద్వారా నియంత్రించే పద్ధతికి పేటెంటు పొందాడు. 1957లో థైరిస్టర్ రూపొందిన తరువాత ఆ పని అర్ధవాహకాల చేతికి వచ్చింది. వేగం కొలవడానికి మోటారు ఇరుసుకు చిన్న టాకో జనరేటరు బిగిస్తారు. ఎంత వేగమైతే అంత వోల్టేజి ఇస్తుంది. దాని తీగ తెగినా, కప్లింగు జారినా వోల్టేజి సున్నా. మోటారు కదలడం లేదనుకుని నియంత్రకం ఆర్మేచరు వోల్టేజిని పెంచుకుంటూ పోతుంది. విద్యుత్ ప్రవాహానికి విధించిన పరిమితి కూడా ఇక్కడ ఆదుకోదు. భారం తక్కువగా ఉన్న మోటారు పరుగెత్తడానికి కొద్దిపాటి కరెంటు చాలు.

దీనికి పరిష్కారం రెండో సాక్షిని అడగడమే. తిరుగుతున్న ఆర్మేచరులో వేగానికి అనుగుణంగా వ్యతిరేక విద్యుచ్చాలక బలం పుడుతుంది. నిజంగా బిగుసుకుపోయిన మోటారుకు కరెంటు ఎక్కువ, వోల్టేజి తక్కువ. వోల్టేజి బాగా ఉండి టాకో సున్నా చూపితే, తప్పు టాకోదే. పిన్ను లేకుండానే రెండు సున్నాలనూ వేరు చేయడం ఇలా సాధ్యమైంది. టాకో తీగలు తారుమారైతే గుర్తు వ్యతిరేకంగా వస్తుంది, అదీ పట్టుబడుతుంది.

ఇండక్షన్ మోటార్ల సంగతి వేరు. 1970ల తొలినాళ్లలో ఫెలిక్స్ బ్లాష్కే తదితరుల కృషితో వెక్టర్ నియంత్రణ రూపుదిద్దుకుంది. ఇందులో ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో, కొలిచిన వేగానికి స్లిప్‌ను కలిపి సరఫరా ఫ్రీక్వెన్సీని నిర్ణయిస్తారు. ఎన్‌కోడరు మూగబోతే స్లిప్ ఒక్కటే మిగులుతుంది. మోటారు పరుగెత్తదు, ఎక్కువ కరెంటు లాగుతూ నత్తనడక నడుస్తుంది. క్రేనులో అయితే ఆ బలం చాలక బరువు కిందికి జారవచ్చు.

1986లో తకహాషి, నొగుచి ప్రత్యక్ష టార్క్ నియంత్రణ పద్ధతిని వివరించారు. వోల్టేజి, కరెంటుల నుంచే వేగాన్ని లెక్కగట్టే పద్ధతులూ వృద్ధి చెందాయి. కానీ వేగం సున్నాను సమీపించేకొద్దీ మోటారులో పుట్టే వోల్టేజి చాలా చిన్నదై, లెక్క నమ్మదగ్గదిగా ఉండదు.

అందుకే లోపం తెలిశాక ఏం చేయాలన్నది మోటారు చేసే పనిని బట్టి ఉంటుంది. ఫ్యాను అయితే లెక్కగట్టిన వేగంతోనే నడిపించి, హెచ్చరిక ఇస్తే సరిపోతుంది. బరువులెత్తే క్రేనుకు వెంటనే బ్రేకు వేయాలి. ఫీల్డును బలహీనపరిచి వేగం పెంచిన డి.సి. మోటారులో ఆర్మేచరు వోల్టేజి అసలు వేగాన్ని చెప్పలేదు కనుక, దాన్ని ఆపడమే క్షేమం. ఈ నిర్ణయం తీసుకోవలసింది డ్రైవును బిగించే రోజునే. తీగ తెగిన తరువాత ఆలోచించడానికి వ్యవధి ఉండదు.