అయిదులో పోయిన హల్లు

ఛత్తీస్‌గఢ్‌లో ఆరంగ్ పరిసరాల్లోని పల్లెల్లో పెద్దవాళ్లు ఇరవైని ‘కోరి’ అంటారు. మూడు కోరీలు అరవై, అయిదు కోరీలు వంద. అది ఛత్తీస్‌గఢీ లెక్క. అదే రాష్ట్రంలో వినిపించే గోండి లెక్క మాత్రం మనకు చుట్టం. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్... ఇక్కడిదాకా ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ తర్వాత అయిదు ‘సయ్యుంగ్’, ఆరు ‘సారుంగ్’!

ఈ ‘స’ ఎక్కడిది? మూల ద్రావిడంలో ఈ రెండు మాటలూ ‘చ’తో మొదలయ్యేవని భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషావేత్తలు తేల్చారు. తెలుగూ తమిళమూ ఆ హల్లును పోగొట్టుకున్నాయి. గోండి దాన్ని ‘స’గా కాపాడుకుంది. సాహిత్యం లేదని మనం చిన్నచూపు చూసిన భాష, మన అయిదుకూ ఆరుకూ పాత రూపాన్ని నిలిపి ఉంచింది. ఇది నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

2011 జనగణనలో గోండి మాతృభాషగా ఉన్నవారు 29 లక్షలు దాటారు. అయినా యునెస్కో దాన్ని ముప్పున్న భాషల్లో చేర్చింది. బడిలో ఎక్కాలు, సంతలో ధరలు వేరే భాషలో నడిస్తే ముందుగా జారిపోయేవి అంకెలే. ఆదిలాబాద్‌లోని మరో ద్రావిడ భాష కొలామీలో ఇది ఎప్పుడో జరిగింది: నాలుగు దాకా సొంత మాటలు, అయిదు నుంచి తెలుగు అరువు.