టైల్ కన్నా ముందు దూలం

న్యూజెర్సీ, ఎడిసన్‌లో పాత చెక్క ఇల్లు. మేడ మీది బాత్‌రూమ్‌లో అడుగు పెడితే కమోడ్ పక్కన నేల మెత్తగా దిగుతోంది. మన ఊళ్లలోనైతే టైల్ కింద ఉండేది కాంక్రీటు. ఇక్కడ చెక్క. తేమకు ఉబ్బుతుంది, చలికాలం హీటర్ వేడికి ఎండి ముడుచుకుంటుంది, బరువుకు వంగుతుంది. టైల్‌కి ఈ మూడూ గిట్టవు.

నీళ్లు కట్టేసి, ట్యాంకు ఖాళీ చేస్తాం. బోల్టులు విప్పి కమోడ్‌ని అటూ ఇటూ ఊపితే కింద పాత మైనపు రింగు జిగటగా సాగి వదులుతుంది. వాసన గుప్పుమంటుంది. గొట్టం నోట్లో గుడ్డ కుక్కేస్తాం, డ్రైనేజీ గ్యాస్ ఇంట్లోకి రాకుండా.

వినైల్ షీటు మూల లేపితే దాని కింద మరో పొర: 9 అంగుళాల చదరపు పలకలు, నల్లటి జిగురు. చేతులు ఇక్కడ ఆగాలి. 1980కి ముందు వేసిన ఇలాంటి వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గీకినా, సాండింగ్ చేసినా ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్క ల్యాబ్‌కి పంపి, లేదని తేలాకే గునపం అందుకుంటాం.

పలకలు లేచాక ఐమూలగా పరిచిన చెక్కలు బయటపడతాయి. గొట్టం చుట్టూ నలుపు. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే మంచి చెక్క దగ్గర ‘టక్’మని ఆగుతుంది, నలుపులో పిడిదాకా దిగిపోతుంది. గట్టి చెక్క తగిలేదాకా కోసేస్తాం. తెరుచుకున్న గోతిలో దూలాలు, 16 అంగుళాలకొకటి. అందులో ఒకదాన్ని గొట్టం కోసం ఎవరో ఎప్పుడో సగం తెగ్గోశారు. నేల దిగడానికి కుళ్లొక్కటే కారణం కాదన్నమాట.

దీనికో లెక్క ఉంది. సిరామిక్ టైల్ వేసే నేల, బరువు పడ్డప్పుడు దూలం పొడవులో 360వ వంతుకు మించి వంగకూడదు. పదడుగుల దూలానికి అది అంగుళంలో మూడో వంతు. రాతి పలకలకైతే 720వ వంతే. తెగిన దూలం పక్కన కొత్తది చేర్చి, రెండు కొసలా ఆధారం మీద కూర్చోబెట్టి, బోల్టులతో బిగిస్తాం. పైన ప్లైవుడ్ పరిచి, మడమల మీద బరువేసి ఎగిరి చూస్తాం. కిర్రుమనదు.

“ఏవండీ, దీని మీదే అంటించేయకూడదా?” గుమ్మంలోంచి ఇంటావిడ.

“చెక్క ఉబ్బితే టైల్ ఊడిపోతుందే,” అంటూ ఇంటాయన పళ్ల తాపీ తీసుకుంటాడు. తడి సిమెంటు వాసనతో థిన్‌సెట్ అనే సిమెంటు జిగురు గీతలు గీతలుగా పరుచుకుంటుంది. దాని మీద పావంగుళం సిమెంట్ బోర్డు. నేలకు ఇది బలం ఇవ్వదు, నీటినీ ఆపదు; నీళ్లకు తాను పాడవకుండా టైల్‌కి గట్టి పట్టు ఇస్తుంది, అంతే. బోర్డుల మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు సందు, గోడల వెంట పావంగుళం. స్క్రూలు ఎనిమిదేసి అంగుళాలకు. సందుల మీద సిమెంటు క్షారాన్ని తట్టుకునే మెష్ టేపు, పైన మళ్లీ థిన్‌సెట్.

టైల్ పగిలితే టైల్‌నీ మేస్త్రీనీ తిట్టుకుంటాం. లోపం చాలాసార్లు టైల్ కిందే ఉంటుంది. మీ ఇల్లూ ఇలాంటిదే అయితే, టైల్ ధర అడిగే ముందు దూలాలు చూశారా అని అడగండి.