ఉప్పునీళ్ళ గిన్నె



మొన్న వికారాబాదులో మా మనుమరాలు ద్రాక్షపండ్లను వంటసోడా నీళ్ళలో నానవేస్తూ, "తాతా, దీంతో మందులన్నీ పోతాయి కదా?" అని అడిగింది. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినవాడికి రసాయనశాస్త్ర ప్రశ్న! అయినా అందులో కొంత చరిత్ర ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా చిన్ననాటి తాండూరులో కూరగాయలు కడగడమంటే మట్టినీ, పురుగునూ వదిలించడమే. మా అమ్మ పుంటికూరను మూడు నీళ్ళలో జాడించేది. గోబీపువ్వును ఉప్పూ పసుపూ వేసిన వేడినీళ్ళలో ముంచేది. దాగిన పురుగులు తేలి వచ్చేవి. చింతపండు ఇత్తడి బిందెలకు, కుంకుడుకాయ తలకు. ఆ రెండూ కూరగాయల జోలికి వచ్చేవి కావు.

తరువాత కాలం మారింది. డి.డి.టి. కీటకాలను చంపుతుందని పాల్ ముల్లర్ 1939లో కనుగొన్నాడు. 1948లో నోబెల్ బహుమతి పొందాడు. 1960ల హరితవిప్లవంతో ఇటువంటి రసాయనాలు మన పొలాలలో విరివిగా ప్రవేశించాయి. మా ప్రాంతపు కంది, పత్తి చేలలోనూ "మందు కొట్టడం" నిత్యకృత్యమైంది. ఆ మాట చూడండి! ఔషధమూ మందే; "మందు పెట్టినారు" అంటే విషప్రయోగమూ కావచ్చు. మన భాష ముందే హెచ్చరించింది, మనమే వినలేదు. వ్యవసాయంలో డి.డి.టి.ని మన దేశం 1989లో నిషేధించింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేసింది.

ఇక మనుమరాలి ప్రశ్న. 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆపిల్ పండ్లపై రెండు మందులు పూసి పరీక్షించారు. నూటికి ఒక పాలు వంటసోడా కలిపిన నీళ్ళలో 12 నుండి 15 నిమిషాలుంచితే పైతొక్క మీది మందు దాదాపు పూర్తిగా పోయింది. కాని ఒక మందులో ఐదవ వంతు అప్పటికే పండు లోపలికి ఇంకింది. దానిని ఏ నీళ్ళూ కడగలేవు. ధారగా పడే మంచినీళ్ళలో చేతితో రుద్ది కడిగినా చాలావరకు మేలే. సబ్బు మాత్రం వాడరాదు. అది పండులోనికి ఇంకవచ్చు.

అందుచేత మనుమరాలితో ఇట్లా అన్నాను: "కడుగు తల్లీ, తప్పక కడుగు. పైన ఉన్నది పోతుంది. లోపలిది పోవాలంటే చేనులోనే పోవాలి."

అది అసాధ్యమేమీ కాదు. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల రైతులు 2000ల తొలి సంవత్సరాలలో వేపగింజల కషాయం వంటి పద్ధతులు పట్టి పురుగుమందులను మానివేశారు. మా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరుకు తగిన శుభ్రత కూడా చేనులోనే మొదలు కావాలని నా కోరిక. మనం తినబోయే కాయను మనం కడుక్కుంటాము. ముఖానికి గుడ్డ అయినా లేకుండా పిచికారీ చేసే కూలీ పీల్చిన గాలిని కడిగే గిన్నె ఏ ఇంటా లేదు.