సార్ నోట్సు, స్పైరల్ బైండింగు

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోచింగ్ బోర్డుల తర్వాత ఎక్కువగా కనబడేవి జిరాక్స్ షాపులే. 1990ల చివర్లో వైటూకే (2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల సమస్య) గిరాకీతో ఇక్కడ సాఫ్ట్‌వేర్ కోర్సులు ఊపందుకున్నాయి. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో దిగిన కుర్రాళ్లకు ఒరాకిల్, జావా మీద వచ్చే లావుపాటి ఇంగ్లిష్ పుస్తకాలు కొనే స్తోమత ఎక్కడిది? వాళ్ల పాఠ్యపుస్తకం ఫలానా సార్ నోట్సు.

సార్ బోర్డు మీద రాస్తూ చెప్పుకుపోతారు. ముందు వరసలో దస్తూరీ బాగున్నవాళ్లెవరో పొల్లుపోకుండా ఎక్కించుకుంటారు. కోర్సు అయ్యాక ఆ నోట్‌బుక్కు జిరాక్స్ షాపుకు చేరుతుంది. ముందూ వెనకా ప్లాస్టిక్ అట్ట, పక్కన స్పైరల్, మొదటి పేజీలో సబ్జెక్టు పేరు, సార్ పేరు. కొట్టివేతలూ, మార్జిన్లో గీసిన బాణాలూ కూడా ఉన్నవున్నట్టే అచ్చవుతాయి. రాసిన చేతికి మాత్రం పేరూ లేదు, పైసా లేదు.

1957 నాటి కాపీరైట్ చట్టంలో, తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. అయినా ఈ బేరం సాగిందంటే దానికో లెక్కుంది. సార్ సంపాదన కోర్సు ఫీజులో ఉంది, నోట్సులో లేదు. జిరాక్స్ కాపీ ఊళ్లు తిరిగి ఆయనకు కరపత్రంలా పనికొచ్చేది.

ఢిల్లీలో ఇలాంటి కాపీయే కోర్టుకెక్కింది. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో దావా వేశాయి. బోధన కోసం చేసే కాపీకి చట్టంలోనే మినహాయింపు ఉందని 2016 సెప్టెంబరులో హైకోర్టు దావా కొట్టేసింది. అమీర్‌పేట షాపులు దీన్ని చూపించి ధీమాగా ఉండాలంటే కుదరదు. అది యూనివర్సిటీ సిలబస్ కోసం కట్టిన పాఠాల సంగతి.

2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మీదుగా ఎల్బీ నగర్‌కు మెట్రో నడిచేనాటికి నోట్సు ఫోన్లలోకి ఎక్కేసింది. జిరాక్స్‌కు కనీసం కాగితం ఖర్చుంది. పీడీఎఫ్‌కు అదీ లేదు. ఒకరు స్కాన్ చేసి టెలిగ్రామ్ ఛానెల్లో పెడితే చాలు, ఛానెల్ మూయిస్తే ఇంకోటి తెరుస్తారు.

తెలుగు నవల రాసేవారికి దెబ్బ తగిలేది ఇక్కడే. ఆయనకు కోర్సు ఫీజు లేదు, పుస్తకం అమ్మితేనే డబ్బు. తెలుగు ఈ-బుక్కుల కోసం 2010లో మొదలైన కినిగె, ఫైలుకు తాళం వేసి కొన్నవారి ఖాతాకు ముడిపెట్టింది. అలాంటి తాళం పగలగొట్టడాన్ని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ నేరం చేసింది. అయితే కొన్నవారికి దక్కేదీ చదువుకునే అనుమతే: 2009లో అమెజాన్, హక్కుల్లేని సంస్థ అమ్మిందంటూ ఆర్వెల్ ‘1984’ను పాఠకుల కిండిల్‌లలోంచి చెరిపేసింది. 2016 డిసెంబరులో అదే కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చింది. ఆ జాబితాలో తెలుగు లేదు. కొనడానికి దారి చూపించకుండా దొంగతనమని తిడితే ఎవరు వింటారు?

కోచింగ్ సార్లూ చివరికి కోర్టుకెక్కక తప్పలేదు. నీతూ సింగ్ అనే ఢిల్లీ టీచర్ తన పాఠాలు టెలిగ్రామ్‌లో తిరుగుతున్నాయని దావా వేశారు. సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయన్న కంపెనీ వాదన చెల్లలేదు. ఛానెళ్లు నడిపేవారి ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రస్‌లు ఇవ్వాల్సిందేనని 2022 ఆగస్టు 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది.