కొండపల్లి బొమ్మ, కొలువులో ఊరు

చిన్న బొమ్మలతో ఒక ఊరిని ఊరిలాగే కట్టి చూపించే విద్య కృష్ణా డెల్టా పరిసరాల్లో రెండు చోట్ల పెరిగింది. ఒకటి విజయవాడకు వాయవ్యంగా ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న కొండపల్లి. బొమ్మ తయారైంది అక్కడ. రెండోది డెల్టా ఇళ్లలో సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు తీర్చే గది. బొమ్మకు నేల, నీరు, చెట్టు, వీధి సమకూడింది ఇక్కడ. మొదటిదాని గురించి చాలానే రాశారు. రెండోది ఆడవాళ్లు, పిల్లలు ఏటా కట్టి ఏటా విప్పేసిన పని కాబట్టి కళల చరిత్ర దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఒకటి లేకపోతే రెండోది ఇంతగా సాగేది కాదు.

కొండపల్లి కొండ మీది కోట 14వ శతాబ్దంలో, కొండవీటి రెడ్డిరాజుల కాలంలో లేచింది. దాన్ని కట్టించిన ఘనత ప్రోలయ వేమారెడ్డిదని చెబుతారు. తరవాత గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొగలులు, నిజాములు దాన్ని ఏలారు. 1766లో అది ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కోట కింది ఊళ్లో బొమ్మలు చేసేవాళ్లు ఆర్యక్షత్రియులు. వీళ్లనే నకర్షాలు అని కూడా అంటారు. శివుడు కళను ప్రసాదించిన ముక్తాఋషి తమ మూలపురుషుడని, బ్రహ్మాండ పురాణంలో తమ ప్రస్తావన ఉందని వీళ్లు చెప్పుకుంటారు. పూర్వీకులు 16వ శతాబ్దంలో రాజస్థాన్ నుంచి వచ్చారనీ, రప్పించినవాడు అనవేమారెడ్డి అనీ ఒకే వాక్యంలో రాసేయడం రివాజు. అనవేమారెడ్డి 14వ శతాబ్దపు రెండో సగంలో రాజ్యం చేసినవాడు. నూరేళ్లకు పైగా ఎడం ఉంది. వలస జ్ఞాపకం నిజమే కావచ్చు గాని, శతాబ్దమో రాజు పేరో ఏదో ఒకటి తరవాత అతుక్కున్నదే.

బొమ్మకు కావలసిన కర్ర తెల్ల పొనికి. చుట్టుపక్కల కొండల్లో పెరిగే చెట్టు. మెత్తగా, చాలా తేలిగ్గా ఉంటుంది. పచ్చి కర్రతో పని జరగదు. ఎండబెట్టి, సన్నని సెగ మీద కాచి లోపలి చెమ్మనంతా లాగేయాలి. చెమ్మ మిగిలితే తరవాత బొమ్మ పగులుతుంది, రంగు పొరలు లేస్తుంది. ఆరిన కర్రను బాడిసెతో చెక్కి, ఉలితో మలిచి, ఆకురాయితో నునుపు చేస్తారు. తల, మొండెం, చేతులు, కాళ్లు దేనికది విడిగా చెక్కి అతుకుతారు. అతికే జిగురు మక్కు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేస్తారు. మక్కు అతకడానికే కాదు, ముక్కు, చెవులు, నగలు, తలపాగా మడతలు దిద్దడానికీ పనికొస్తుంది. చెక్కేటప్పుడు రాలిన పొట్టే మళ్లీ బొమ్మలోకి చేరుతుందన్నమాట. ఆ పైన సుద్ద పూత, దాని మీద మేక వెంట్రుకల కుంచెతో రంగులు. రంగులు వేసే పనిలో ఇంటి ఆడవాళ్ల చెయ్యి ఎక్కువ.

ఈ అతుకులోనే కొండపల్లి ప్రత్యేకత అంతా ఉంది. విశాఖ వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పి, లక్క రంగులు ఎక్కించి చేసే బొమ్మలు అందమైనవే. కానీ తిరిగే తరిణె మీద పుట్టిన రూపం గుండ్రంగా, నిటారుగానే ఉంటుంది. అది నిలబడగలదు, వంగలేదు. కొండపల్లి బొమ్మ వంగుతుంది, ఎక్కుతుంది, మోస్తుంది. చేతులూ కాళ్లూ విడిగా చెక్కుతారు కాబట్టి బొమ్మకు ఏ పని కావాలంటే ఆ పని పెట్టవచ్చు. తాటిచెట్టుకు మోకు వేసుకుని కాళ్లు తన్నిపెట్టి పైకి ఎగబాకే గీతకార్మికుడు, రోకలి ఎత్తిన ఆడమనిషి, మజ్జిగ చిలికే ఇల్లాలు, ఎడ్లబండి, బోయీలు మోసే పెళ్లిపల్లకి, అంబారీ ఏనుగు, దశావతారాలు. దేవుళ్లను పక్కన పెడితే మిగిలిన బొమ్మలన్నీ ఏదో ఒక పని మధ్యలో ఉన్నవే. పనిలో ఉన్న మనిషికి చోటు కావాలి. రోకలికి రోలు, రోటికి వాకిలి, వాకిలికి వీధి. బొమ్మే తన చుట్టూ ఊరిని అడుగుతుంది.

ఆ ఊరు డెల్టా ఊరే. 1852–55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాక కాలవలు నాలుగు దిక్కులా పారాయి. మెట్టపైర్ల ఊళ్లు వరిపొలాల ఊళ్లయ్యాయి. కాలవగట్టు, గట్టు మీద తాళ్ల వరస, కింద వరిచేను, దూరాన కొండ. విజయవాడ చుట్టూ కనిపించే ఈ దృశ్యమే ఇళ్లలో తీర్చిన కొలువుకు నమూనా అయింది.

బొమ్మల కొలువు కోస్తాలో కొన్ని ఇళ్లలో సంక్రాంతికి, కొన్ని ఇళ్లలో దసరా నవరాత్రులకు పెడతారు. ఏ ఇంటి ఆనవాయితీ ఆ ఇంటిది. బేసి సంఖ్యలో మెట్లు కడతారు: మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. మెట్లంటే బల్లలు, ట్రంకు పెట్టెలు, పీటలు. వాటి మీద తెల్ల పంచో పట్టుచీరో. పై మెట్టున కలశం, దేవతలు. కింది మెట్లకు వచ్చేకొద్దీ రాజులు, పెళ్లివారు, వర్తకులు, జంతువులు. ఏడాదికి ఒక కొత్త బొమ్మయినా చేర్చాలని నియమం. సాయంత్రం పేరంటం, మంగళహారతి, పసుపుకుంకుమలు, శనగల తాంబూలం. పాత కొలువుల్లో కొండపల్లి బొమ్మల పక్కనే తిరుపతి చెక్కబొమ్మలు, మట్టిబొమ్మలు, పింగాణీ బొమ్మలు కలిసి కూర్చునేవి.

మెట్ల వరకు ఇది కొలువే: దేవుడు పైన, మనిషి కింద, అంతా వరసలో. మెట్లు అయిపోయి నేల మొదలయ్యే చోట వేరే పద్ధతి నడుస్తుంది. అక్కడ వరసలు ఉండవు, ఊరు ఉంటుంది. ఈ నేల కట్టడం సాధారణంగా ఇంటి పిల్లల వంతు. కథ అంతా ఇక్కడే ఉంది.

ముందు పచ్చదనం. పండుగకు నాలుగైదు రోజుల ముందే పళ్లెంలో తడిమట్టి పరిచి గింజలు చల్లుతారు. ఏ గింజకు ఏ పైరో అనుభవం మీద తెలుస్తుంది. రాగులు సన్నని పోచలుగా లేస్తాయి. దూరం నుంచి చూస్తే వరినారే. ఆవాలు గుండ్రని ఆకులతో కూరమడిలా కనిపిస్తాయి. మెంతులు పొదల్లా గుబురు కడతాయి. చలికాలంలో మొలక ఆలస్యమవుతుంది కాబట్టి సంక్రాంతి కొలువుకు దసరా కంటే ఒకటి రెండు రోజులు ముందే చల్లాలి. పళ్లేన్ని చీకటి గదిలోనే ఉంచితే మొక్కలు పాలిపోయి, పొడుగ్గా సాగి పక్కకు పడిపోతాయి. భోగి దాకా వరండాలో ఎండ తగిలే చోట పెంచి లోపలికి తేవాలి. మొలకలు కుదరని చోట రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు పట్టించి చల్లుతారు. అదే పొట్టుకు ఎర్రమట్టి రంగు వేస్తే బండిదారి.

నీటికి అద్దం. అద్దాన్ని అలాగే పెడితే అద్దమనే తెలుస్తుంది. చట్రం పూర్తిగా మునిగేలా చుట్టూ కృష్ణ ఇసుక పోసి, ఒడ్డు వంకరటింకరగా దిద్దితే చెరువవుతుంది. తాటిచెట్టు బొమ్మను సరిగ్గా ఒడ్డున నిలబెడితే దాని నీడ అద్దంలో తలకిందులుగా పడుతుంది. కొండకు దళసరి కాగితం నలిపి, గంజిలోనో బంకమట్టి నీళ్లలోనో ముంచి, డబ్బాల మీద కప్పుతారు. ఆరాక మడతలు బండరాళ్ల అంచుల్లా నిలుస్తాయి. పై అంచులకు లేతగా, పల్లాల్లో ముదురుగా రంగు పూస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. వెలుతురు సంగతి కూడా ఆలోచించినదే. పేరంటం సాయంత్రం పూట కాబట్టి ఈ ఊరిని దీపం వెలుగులో చూస్తారు. కొండపల్లి బొమ్మల ఎరుపు, పసుపు, నీలం పగటి వెలుతురులో కొంచెం గట్టిగా కొట్టినట్టున్నా, నూనెదీపం ముందు కుదుటపడతాయి. కరెంటు వచ్చాక సీరియల్ సెట్లు ఆ పని తీసుకున్నాయి. మినుకుమినుకుమనే రంగుదీపాలు సందడి తెచ్చాయి గాని, ఊరికి ఉన్న సాయంత్రపు మసకను పోగొట్టాయని చెప్పక తప్పదు.

ఈ నేల మీదికి రైలు కూడా వచ్చింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సికింద్రాబాదు నుంచి బెజవాడ దాకా పట్టాలు వేసింది 1889లో. ఆ దారి కొండపల్లి మీదుగానే పోతుంది. ఊరికి స్టేషన్ కూడా ఉంది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన సిద్ధమైంది. మరికొన్నేళ్లలో మద్రాసు, కలకత్తా దారులు కలిసి బెజవాడ పెద్ద జంక్షన్ అయింది. యూరప్‌లో బొమ్మరైలు ఒక పద్ధతికి వచ్చింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే: 1891లో లైప్‌జిగ్ సంతలో మేర్క్‌లిన్ కంపెనీ నిర్ణీత కొలతల పట్టాలతో బొమ్మరైళ్లను ప్రదర్శించింది. అక్కడ పెరిగిన అభిరుచికి కొలతే ప్రాణం. ఇప్పుడు బాగా వాడుకలో ఉన్న హెచ్‌ఓ పద్ధతిలో ఏ వస్తువైనా అసలులో 87వ వంతు ఉండాలి; ఇల్లు, చెట్టు, మనిషి, పెట్టె అన్నీ ఆ లెక్కకు లోబడాలి. గడ్డికి మాత్రం వాళ్లూ చాలాకాలం రంగు వేసిన రంపపు పొట్టునే నమ్ముకున్నారు.

కొలువుకు అలాంటి లెక్క లేదు. రైలు ఇంజను పక్కన దానికంటే పొడుగైన పాలమనిషి నిలబడతాడు. ఏనుగు గుడిసెకంటే చిన్నది కావచ్చు. ఏ బొమ్మ ఏ ఏడు, ఎక్కడ కొన్నారో అదే దాని కొలత. అయినా మంచి కొలువులో ఇది కంటికి అడ్డం రాదు. చెయ్యి తిరిగినవాళ్లు పెద్ద బొమ్మలను ముందు, చిన్నవాటిని వెనక కొండ పాదాన పెడతారు. చిన్నది దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొలతలు అసలు కుదరని రెండు బొమ్మల మధ్య ఒక చెట్టో పొదో నాటుతారు. బొమ్మరైలు తిరిగే దారిలో సగం కొండ వెనక సొరంగంలో దాస్తే, చిన్న గుండ్రం కూడా ప్రయాణంలా అనిపిస్తుంది. చిత్రకళా పాఠశాలల్లో నేర్పే సూత్రాలను ఇళ్లలో పేరు పెట్టకుండానే వాడుకున్నారు.

ఇదే పని డిసెంబరులో క్రిస్మస్‌కు క్రైస్తవ కుటుంబాల్లో పశువుల పాక రూపంలో కనిపిస్తుంది. ఇటలీలోని గ్రెచ్చోలో 1223లో సెయింట్ ఫ్రాన్సిస్ మొదలుపెట్టాడని చెప్పే ఆచారం ఇది. క్రైస్తవం ఇక్కడా వేళ్లూనుకుంది: 1924లో మేరీమాత విగ్రహం నెలకొన్న గుణదల కొండ విజయవాడలోనే ఉంది. ఈ ప్రాంతంలో కట్టే పాకలో పైకప్పు వరిగడ్డిది, కొండ నలిపిన కాగితానిది. బేత్లెహేము పాక డెల్టా కొట్టంలా మారిపోయింది.

ఇదే విద్యను పెద్ద ఎత్తున చూడాలంటే 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమా దగ్గరికి వెళ్లాలి. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలేది కృష్ణ పడమటి డెల్టాలోని బ్రాహ్మణకోడూరు. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది తెనాలి. ద్వారక కోసం 50 అడుగులకు 60 అడుగుల చోటులో, ఒకదానికొకటి పోలికలేని దాదాపు 300 చిన్న ఇళ్లు కట్టి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పర్యవేక్షణలో వాటికి దీపాలు అమర్చారు. ఇళ్లన్నీ వేరువేరుగా ఉండాలన్న పట్టుదల వల్లే నమూనా నగరంగా నమ్మించింది. ఒకే అచ్చు ఇల్లు మూడొందల సార్లు పెట్టి ఉంటే ప్రేక్షకుడి కన్ను వెంటనే పసిగట్టేది. కొలువు కట్టేవాళ్లు ఏటా ఒక కొత్త బొమ్మ కొనే నియమం వల్ల ఇదే ఫలితాన్ని నెమ్మదిగా సాధించారు.

కొండపల్లిలో ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన పెద్ద మార్పు రంగులది. ఎనామిల్ రంగులు మెరుపు, మన్నిక తెచ్చాయి. సహజ రంగులకు ఉన్న నిదానపు ఛాయ పోయింది. ఇటీవల కొందరు చేతిపనివాళ్లు మళ్లీ సహజ రంగులకు వస్తున్నారు, కొలువులో పెట్టుకునేవాళ్లకు అవే మేలు. రాష్ట్ర హస్తకళల సంస్థ లేపాక్షి దుకాణాల ద్వారా అమ్మకానికి దారి చూపింది. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020 ఆగస్టు 30న ప్రధాని 'మన్ కీ బాత్'లో దేశంలోని బొమ్మల కేంద్రాలను చెబుతూ కొండపల్లి పేరు కూడా తలిచారు. కొలువు నేల మీద మాత్రం ఇప్పుడు ప్లాస్టిక్ పచ్చిక, థర్మోకోల్ కొండ, బ్యాటరీ రైలు. వీటిని తప్పు పట్టనక్కరలేదు, అపార్ట్‌మెంటులో మట్టి పళ్లేనికి చోటెక్కడిది?

అసలు ఇబ్బంది కర్రది. కొండల్లో తెల్ల పొనికి తరిగిపోయింది. చెట్టు పెరిగి కర్ర చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. మక్కుకు, రంగుకు, అమ్మకానికి ప్రత్యామ్నాయాలు దొరికాయి గాని, ఇంత మెత్తగా చెక్కనిచ్చి ఇంత తేలిగ్గా నిలిచే మరో కర్ర కొండపల్లి చేతికి ఇంకా అలవాటు కాలేదు. ప్రభుత్వం ఈ బొమ్మలకు ఏదైనా ఒక్కటే చేయగలిగితే అది కొండపల్లి చుట్టూ తెల్ల పొనికి తోటలు పెంచడమే కావాలి.